నాన్న రూమ్ దాటి రావట్లేదు, ఏం చెయ్యమంటారు?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు సీనియర్ హోమ్‌ల గురించే ఉన్నాయి. వాటిలో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చినవి ఏరి పెట్టాను. పేర్లు వెయ్యొద్దన్నారు కాబట్టి ఊళ్ళు మాత్రమే వేస్తున్నాను.

ప్రశ్న (విజయనగరం, కంటోన్మెంట్): నమస్తే అండి. నేను బెంగుళూరులో జాబ్ చేస్తున్నాను. అమ్మ పోయాక నాన్నగారు ఇంట్లో ఒక్కరే ఉండలేకపోయారు, మాకూ అక్కడ ఒంటరిగా ఉంచడానికి మనసొప్పక భోగాపురం వైపు ఒక సీనియర్ లివింగ్ కమ్యూనిటీలో జాయిన్ చేసాం. ఆయన రిటైర్డ్ లెక్కల మాస్టారు, వయసు 74. అక్కడ యోగా, లైబ్రరీ, క్యారమ్స్, సినిమాలు, భజన అన్నీ ఉన్నాయి, నెలనెలా బాగానే కడుతున్నాం. ఆయన మాత్రం భోజనానికి తప్ప రూమ్‌లోంచి రారట. ఫోన్ చేసి అడిగితే "ఆ చప్పట్లు కొట్టించే ప్రోగ్రాములు నాకెందుకమ్మా, నేనేమైనా ఎల్‌కేజీ పిల్లాడినా" అంటున్నారు. బలవంతం చెయ్యాలా, వదిలెయ్యాలా? చుట్టాలేమో తండ్రిని ఒగ్గేసి ఎల్లిపోయింది అంటున్నారు, అదో బాధ.

జవాబు: అమ్మా, ముందు ఒక మాట. మీ నాన్నగారు అన్నదాంట్లో తప్పేం లేదు. జీవితమంతా క్లాసులో నిలబడి వందల మంది చేత ఎక్కాలు అప్పజెప్పించుకున్న మనిషిని వరసగా వేసిన కుర్చీల్లో కూర్చోబెట్టి, ఇరవై ఏళ్ళ అమ్మాయి మైకు పట్టుకుని "తాతగారూ, అందరూ గట్టిగా చప్పట్లు" అంటే ఒళ్ళు మండదా మరి. ఆ అమ్మాయి తప్పు కూడా కాదు, ఆమెకి అలాగే ట్రైనింగ్ ఇచ్చారు.

నేను చూసినంతలో ఇలాంటి చోట్ల ప్రోగ్రాములకి కొదవ లేదు, కొదవంతా పనికే. యోగా క్లాసుకి మీ నాన్నగారు వెళ్ళకపోతే ఎవరికీ ఏమీ ఆగదు, ఆ సంగతి ఆయనకీ తెలుసు, మరి ఎందుకు వెళ్తారు చెప్పండి. ఈయన రాకపోతే ఇంకొకరికి ఇబ్బంది అయ్యే పని ఒక్కటి, చిన్నదైనా సరే, దొరికిందంటే రూమ్ తలుపు దానంతటదే తెరుచుకుంటుంది.

దీని మీద 1976లో అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలోని ఒక నర్సింగ్ హోమ్‌లో చేసిన పరిశోధన ఒకటుంది, ఎల్లెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అని ఇద్దరు సైకాలజిస్టులు చేసారు. ఒక అంతస్తులో ఉన్న పెద్దవాళ్ళతో "మీ గది ఎలా సర్దుకోవాలో మీ ఇష్టం, సినిమా ఏ రోజు చూడాలో మీ ఇష్టం, ఇదిగో కుండీల్లో మొక్కలున్నాయి, కావాలంటే ఒకటి తీసుకోండి, కానీ నీళ్ళు మీరే పోసుకోవాలి" అని చెప్పారు. ఇంకో అంతస్తు వాళ్ళకీ మొక్క ఇచ్చారు, సినిమా చూపించారు, కానీ "అన్నీ మా నర్సులు చూసుకుంటారు, మీరు హాయిగా ఉండండి" అన్నారు. మూడు వారాలకే మొదటి అంతస్తు వాళ్ళు చురుగ్గా తిరగడం, పక్కవాళ్ళతో మాట్లాడడం, హుషారు అన్నీ పెరిగాయి, రెండో అంతస్తులో ఎక్కువమంది దిగజారారు. ఏడాదిన్నర తర్వాత వెళ్ళి చూస్తే చనిపోయినవాళ్ళు మొదటి గుంపులో 15 శాతం, రెండో దాంట్లో 30 శాతం. అయితే ఉన్నది కొద్దిమందే, పైగా లెక్కలో తర్వాత సవరణ కూడా వేసారు, అందుకని చావుల సంగతి నేను గట్టిగా చెప్పను. కానీ "మీరు హాయిగా ఉండండి" అనే మాట మనిషిని ఎలా మూలకి కూర్చోబెడుతుందో మనం మన ఇళ్ళల్లోనే రోజూ చూస్తున్నాం కదా.

కాబట్టి మీరు చెయ్యాల్సింది ఏంటంటే, నాన్నగారికి ఫోన్ చేసి "బయటికి వెళ్ళండి, అందరితో కలవండి" అని క్లాసు పీకడం మానెయ్యండి. మేనేజర్‌తో విడిగా మాట్లాడండి. అక్కడ వంట చేసేవాళ్ళ పిల్లలో, సెక్యూరిటీ అతని కూతురో టెన్త్ చదువుతూ ఉంటారు, ఆ పిల్లకి లెక్కలు రావట్లేదని మేనేజరే వెళ్ళి "మాస్టారూ, కొంచెం చూస్తారా" అని అడగాలి, ఈ ఐడియా మీదని చెప్పకూడదు. లేదా మెస్ కమిటీ ఉంటే కూరగాయల లెక్క ఆయనకి అప్పజెప్పమనండి. లెక్కల మాస్టారు వంకాయల బిల్లు చూసి ఊరుకుంటారా! చూపు ఆననివాళ్ళకి పొద్దున పేపర్ చదివి వినిపించడం, లైఫ్ సర్టిఫికెట్ ఫోన్‌లోనే ఫేస్ స్కాన్‌తో ఎలా ఇవ్వాలో తోటి పెన్షనర్లకి చూపించడం, ఇలాంటివి కూడా బాగా పనిచేస్తాయి. మీరు కూడా ఆయనకి ఫోన్ చేసినప్పుడు బాగోగులు మాత్రమే అడక్కుండా, మీ పిల్లలుంటే వాళ్ళ హోంవర్క్ లెక్క ఒకటి వీడియో కాల్‌లో ఆయన దగ్గర పెట్టండి. సంగీతం ఇష్టమైతే విజయనగరం సంగీత కళాశాల ఉండనే ఉంది, 1919 నాటిది, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్, అక్కడ కచేరీ ఉన్న రోజు కారు పెట్టి నలుగురు పెద్దవాళ్ళని తీసుకెళ్ళమని హోమ్ వాళ్ళని అడగండి, ఆ నలుగురినీ పోగుచేసే బాధ్యత నాన్నగారిది.

ఇదంతా చేసేముందు చెవులు, కళ్ళు ఒకసారి టెస్ట్ చేయించండి. వినపడనివాళ్ళు చాలామంది ఆ మాట ఒప్పుకోరు, నలుగురిలో కూర్చుంటే మాట అందక "ఆఁ? ఆఁ?" అనాల్సి వస్తుందని రూమ్‌లోనే ఉండిపోతారు, మనమేమో ఆయనకి మనుషులంటే పడదు అనుకుంటాం. మతిమరుపు జబ్బు, అదే డిమెన్షియా గురించి 2024లో లాన్సెట్ కమిషన్ ఇచ్చిన రిపోర్టులో, మనం జాగ్రత్తపడగలిగిన 14 కారణాలు చెప్పారు, వాటన్నిటినీ అదుపులో పెడితే సుమారు 45 శాతం కేసుల్ని రాకుండా ఆపడమో వెనక్కి నెట్టడమో చెయ్యొచ్చన్నారు. ఆ జాబితాలో వినికిడి తగ్గడం, చూపు తగ్గినా పట్టించుకోకపోవడం, ఒళ్ళు కదపకపోవడం, ఒంటరితనం నాలుగూ ఉన్నాయి. మీ నాన్నగారు రూమ్‌లో కూర్చుంటే ఆ నాలుగిట్లో రెండు ఆల్రెడీ ఉన్నట్టే.

ఇంకోటి, అమ్మగారు పోయారు కదా. దుఃఖం ఎవరికి ఎన్నాళ్ళుంటుందో చెప్పలేం, దాన్ని తొందరపెట్టకూడదు. కానీ రెండు వారాలకి మించి నిద్ర, ఆకలి బాగా తగ్గడం, ఇష్టమైనవాటి మీద కూడా మనసు పోకపోవడం, "నేనెందుకింకా" లాంటి మాటలు వస్తుంటే అది డిప్రెషన్ కావచ్చు, వయసు మీద తోసెయ్యకుండా డాక్టర్‌కి చూపించాలి, ఈ వయసులో కూడా తగ్గుతుంది. టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే ఉచితంగా తెలుగులోనే మాట్లాడతారు.

చుట్టాల సంగతంటారా, ఆ మాటన్నవాళ్ళలో ఎవరైనా ఈ నెలలో నాన్నగారికి ఫోన్ చేసారేమో అడగండి.

ప్రశ్న (శ్రీకాకుళం): బాబూ, నాకు 78 ఏళ్ళు, రెవెన్యూలో చేసి దిగిపోయాను. నేనూ మా ఇంటావిడా రిటైర్మెంట్ హోమ్‌లో ఉన్నాం. మోకాళ్ళ నొప్పులు. పొద్దున్నే కాస్త నడుద్దామంటే మా ఆవిడ "ఈ వయసులో ఏటి మీకు, పడిపోతే ఎవలు సూస్తారు" అని ఆపేస్తాది. ఇక్కడికొచ్చే ఫిజియో కుర్రాడేమో బరువులెత్తమంటాడు. నాకు డంబెల్స్ ఏటి బాబూ? నిజంగా పనికొస్తాదా, డబ్బుల కోసం సెప్తన్నాడా?

జవాబు: పనికొస్తాది గురువుగారూ, ఆ కుర్రాడు చెప్పింది కరెక్టే. కండ పుష్టికి వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి గారి పేరు చెప్పుకునే ప్రాంతం మనది, ఆయన పేరు మీద మీ ఊళ్ళో స్టేడియమే ఉంది, మీకు డంబెల్ అంటే భయమేటండి.

1990లో బోస్టన్‌లో ఒక వృద్ధాశ్రమంలో 86 నుంచి 96 ఏళ్ళ వయసున్న పది మంది చేత కాళ్ళ కండరాలకి బరువుల వ్యాయామం చేయించారు, ఎనిమిది వారాలు. అందులో తొమ్మిది మంది చివరిదాకా చేసారు, వాళ్ళ కాళ్ళ బలం సగటున 174 శాతం పెరిగింది, అంటే ముందున్నదానికి రెండున్నర రెట్ల పైన అయింది, ఇద్దరైతే చేతికర్ర పక్కన పెట్టి నడిచారు. చిన్న పరిశోధనే, కానీ ఆ తర్వాత కూడా ఇలాంటివి చాలా జరిగాయి, తొంభై ఏళ్ళ కండ కూడా పని చెప్తే వింటుందని తేలింది.

ఇక మీ ఆవిడ చెప్పిన రెస్టు సంగతి. 2007లో ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళని పది రోజులు మంచం మీదే ఉంచి చూసారు, ఆ పది రోజులకే కాళ్ళలో కిలో దాకా కండ పోయింది. జబ్బు లేనివాళ్ళకే అలాగైతే మోకాళ్ళ నొప్పి ఉందని నెలలకి నెలలు కుర్చీలో కూర్చుంటే ఏమవుతుంది? కండ తగ్గితే మోకాలి మీద బరువు పెరుగుతుంది, నొప్పి ఎక్కువవుతుంది, నొప్పని ఇంకా కూర్చుంటాం, చివరికి పడేది అప్పుడే. అమ్మగారు భయపడుతున్న పడిపోవడం కదలకపోతేనే దగ్గరికొస్తుంది, ఈ ముక్క ఆవిడకి చదివి వినిపించండి.

మీ సత్తా ఎంతో మీరే చూసుకోవచ్చు. చేతులు లేని గట్టి కుర్చీని గోడకి ఆనించి, చేతులు రెండూ ఛాతీ మీద పెట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి, పక్కన ఎవరో ఒకరు ఉండాలి. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ వాళ్ళ లెక్క ప్రకారం 75 నుంచి 79 మధ్య మగవాళ్ళు 11 కంటే తక్కువ, ఆడవాళ్ళు 10 కంటే తక్కువ చేస్తే పడిపోయే ప్రమాదం ఉన్నట్టు. తక్కువొచ్చిందని దిగులు పడకండి, అదే లేచి కూర్చునే పనిని రోజూ చెయ్యడమే దానికి మందు, మొదట్లో చేతులు ఊతం పెట్టుకుని అయినా సరే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 65 దాటినవాళ్ళకి 2020లో చెప్పింది వారానికి 150 నుంచి 300 నిమిషాలు మోస్తరుగా ఆయాసం వచ్చే కదలిక, రెండు రోజులకి తక్కువ కాకుండా కండరాల వ్యాయామం, మూడు రోజులైనా నిలకడ కోసం బ్యాలెన్స్ వ్యాయామం. ఈ నంబర్లు చూసి బెదరొద్దు, పది నిమిషాలతో మొదలెట్టినా లాభమే. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేనంత ఆయాసం ఉండాలి, అదే మోస్తరు. మన ఉక్కపోతకి ఎండాకాలంలో ఏడు లోపే ముగించెయ్యండి. హోమ్‌లో ఉండడం వల్ల మీకున్న లాభం ఇక్కడే, గేటు లోపల చదును రోడ్డుంది, పక్కన నలుగురున్నారు, మీరు ఓ పూట రాకపోతే "ఏటయ్యా, రాలేదేటి" అని తలుపు కొట్టేవాళ్ళున్నారు. మా ఆవిడ, మా ఆవిడ అంటున్నారు గానీ ఆవిడని కూడా తీసుకెళ్ళండి, ఎముకలు గుల్లబారేది ఆడవాళ్ళకే ఎక్కువ.

జాగ్రత్తలు రెండు మూడు చెప్తాను. ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం, ఎప్పుడూ లేనంత ఆయాసం వస్తే ఆపేసి డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళు మంచం మీంచి ఒక్కసారిగా లేవకూడదు. ముఖ్యంగా మోకాళ్ళ నొప్పికని మెడికల్ షాపులో అడిగి పెయిన్ కిల్లర్ తెచ్చుకుని రోజూ వేసుకోవడం మన జిల్లాలో మహా అలవాటు. అది కిడ్నీలకి దెబ్బ, ఉద్దానం వైపు కిడ్నీ జబ్బుతో ఎన్ని కుటుంబాలు పోయాయో మీకు నేను చెప్పాలా. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకోకుండా ఆ మాత్రల జోలికి వెళ్ళొద్దు.

తిండి కూడా చూసుకోవాలి. పెద్దవాళ్ళకి కిలో బరువుకి రోజుకి 1 నుంచి 1.2 గ్రాముల ప్రొటీన్ కావాలంటున్నారు నిపుణులు, 60 కిలోల మనిషికి 60 నుంచి 72 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది ఆరు గ్రాములే, కాబట్టి రాత్రి మజ్జిగన్నంతో సరిపెట్టేసుకుంటే కండెక్కడినుంచి వస్తుంది, పప్పు, పెరుగు, చేప, గుడ్డు, ఉలవలు పూటపూటకీ ఏదో ఒకటి పడాలి. కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళకి మాత్రం ఈ లెక్క వర్తించదు, డాక్టర్ ఎంతంటే అంతే.

ప్రశ్న (నరసన్నపేట): నాకు 69. ఆయన పోయారు. ఇద్దరబ్బాయిలూ బయట దేశాల్లో ఉన్నారు, నన్ను మంచి హోమ్‌లో చేరమంటున్నారు. వెళ్ళాలనే ఉంది గానీ వీధిలో వాళ్ళ మాటలకి వెనకాడుతున్నాను. వెళ్ళేముందు ఏం చూసుకోవాలి?

జవాబు: వెళ్ళాలని మీకే ఉందంటున్నారు, ఇంకేం అమ్మా, వీధివాళ్ళు రాత్రి పూట మీకు జ్వరమొస్తే లేచి వస్తారా రారా అన్నది మీకే తెలుసు.

బ్రోచర్ చూసి డిసైడ్ అవ్వకండి. ఓ వారం పది రోజులు గెస్ట్‌గా ఉండి చూస్తానని అడగండి, చాలా చోట్ల ఒప్పుకుంటారు. సాయంత్రం నాలుగు అయిదు మధ్య వెళ్ళండి, ఆ టైమ్‌లో మనుషులు బయట ఉన్నారా, అందరి తలుపులూ మూసి లోపల టీవీలు మోగుతున్నాయా చూడండి. టైమ్ టేబుల్ గోడ మీద ఉంటే సరిపోదు, దాంట్లో ఏవి అక్కడ ఉంటున్నవాళ్ళు సొంతంగా నడుపుతున్నారో అడగండి, ఒక్కటీ లేకపోతే నాకైతే నచ్చదు. వంటింట్లోకి వెళ్ళనిస్తారా, మీ చేత్తో మీరు ఆవకాయ పెట్టుకోవచ్చా, ఉపవాసాలకి, పూజలకి ఇబ్బందేమైనా ఉందా, బయటికి వెళ్ళాలంటే ఎవరి పర్మిషన్ కావాలి, ఇవి చిన్న విషయాలు అనుకోకండి. బాత్రూమ్‌లో పట్టుకునే రాడ్లు, రాత్రి పూట లైటు, కాలింగ్ బెల్ చూడండి.

కాగితాల దగ్గర మొహమాటం వద్దు. డిపాజిట్ ఎంత వెనక్కిస్తారు, ఎన్నాళ్ళకి, మంచాన పడితే అక్కడే ఉంచుతారా పంపేస్తారా, నెల ఛార్జీ ఏటా ఎంత పెంచుతారు, అన్నీ రాసి ఉండాలి. రిటైర్మెంట్ హోమ్‌ల మీద కేంద్రం 2019లో నమూనా మార్గదర్శకాలు ఇచ్చింది, వాటిని పాటిస్తున్నారా అని అడిగితే చాలు ఎదుటివాళ్ళు జాగ్రత్తగా మాట్లాడతారు. ఇంకోటి, చేరే హడావిడిలో ఇల్లు పిల్లల పేర రాసెయ్యకండి. రాయాల్సి వస్తే నన్ను చూసుకోవాలనే షరతు దస్తావేజులోనే ఉండాలి, అప్పుడే, చూసుకోకపోతే ఆ రాతని రద్దు చేయించుకోవడానికి 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల చట్టంలో 23వ సెక్షన్ మీకు గట్టిగా పనికొస్తుంది.

ఇంత ఖర్చు పెట్టలేనివాళ్ళ కోసం అదే చట్టంలో 19వ సెక్షన్ ఉంది, జిల్లాకి ఒకటైనా, 150 మందికి తక్కువ కాకుండా సరిపోయే వృద్ధాశ్రమం ప్రభుత్వం పెట్టొచ్చని. పెద్దవాళ్ళకి సంబంధించి ఏ ఇబ్బందికైనా 14567 ఎల్డర్‌లైన్‌కి ఫోన్ చెయ్యొచ్చు.

ప్రశ్న (బొబ్బిలి): మేము చిన్న హోమ్ నడుపుతున్నాం సార్, పెద్ద పెద్ద ఫెసిలిటీలు పెట్టే స్తోమత లేదు. మా దగ్గరున్న పెద్దవాళ్ళని హుషారుగా ఉంచడానికి తక్కువ ఖర్చులో ఏం చెయ్యొచ్చు?

జవాబు: ఖర్చు తక్కువుండడమే మీకు ప్లస్ అనుకుంటాను, ఎందుకంటే మనుషులకి పంచడానికి పని బోలెడుంటుంది. ఉదయం కూరలు తరగడం, బియ్యం ఏరడం, వడియాలు పెట్టడం వచ్చినవాళ్ళ చేత అడిగి చేయించండి, ఇష్టం లేనివాళ్ళని ఒత్తిడి చెయ్యకండి, జీతం మిగులుతుందని మాత్రం చేయించకండి, అది వాళ్ళు ఇట్టే కనిపెట్టేస్తారు. పెరట్లో ఒక్కొక్కరికి ఒక మడి ఇచ్చి బెండో, గోంగూరో వాళ్ళిష్టం వాళ్ళని వేసుకోమనండి. పక్క స్కూలు హెడ్మాస్టర్‌తో మాట్లాడి వారానికో పూట పిల్లల్ని పంపమనండి, కథలు చెప్పేవాళ్ళు కథలు, తప్పెటగుళ్ళు, జముకుల కథ తెలిసినవాళ్ళుంటే ఆ పాటలు, పిల్లలు ఫోన్‌లో రికార్డు చేసుకోనివ్వండి. అలా ఎవరైనా మీ దగ్గరుంటే వాళ్ళు పోయాక ఆ పాటలు ఎక్కడా దొరకవు, అందుకైనా త్వరపడండి. చదువుకున్నవాళ్ళుంటే ఒక రోజు శ్రీకాకుళం తీసుకెళ్ళి కథానిలయం చూపించండి, 1997లో పెట్టింది, తెలుగు కథలు వేలకొద్దీ ఒక్కచోట ఉంటాయి, తమ చిన్నప్పటి పత్రికలు చూసి వాళ్ళు ఎన్ని కబుర్లు చెప్తారో చూడండి. దసరా తర్వాతి మంగళవారం విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమానుకి తీసుకెళ్ళాలని మీ వాళ్ళు గొడవ చేస్తారు, ఆ తోపులాటలోకి వద్దు, ముందో వెనకో ఒక రోజు గుడికి తీసుకెళ్ళండి.

నెలకో మీటింగ్ పెట్టి మెనూ వాళ్ళ చేతే రాయించండి. కొట్టుకుంటారు. కొట్టుకోనివ్వండి, బీరకాయ కావాలా ఆనపకాయ కావాలా అని గంటసేపు వాదించుకునేవాళ్ళ గురించి మీరు బెంగ పెట్టుకోనక్కర్లేదు.

ప్రశ్న (టెక్కలి): మా మావయ్యగారు హోమ్‌లో చేరాక మధ్యాహ్నం భోజనం నుంచి చీకటి పడేదాకా పేకాటేనట, పదీ ఇరవై పందెం కూడానట. ఇది కూడా యాక్టివ్‌గా ఉండడమేనా? ఆపించాలా?

జవాబు: ఆపించకండి, నలుగురితో కూర్చుని ముక్కలు గుర్తుపెట్టుకుని ఆడుతున్నారంటే మెదడుకీ మనసుకీ మంచిదే. ఒళ్ళు మాత్రం కదలట్లేదు, అరగంటకోసారి ముక్కలు పంచేవాళ్ళు మారాలి, మారిన ప్రతిసారీ అందరూ లేచి వరండా చివరిదాకా నడిచి రావాలి అని రూలు పెట్టమనండి. డబ్బు పెట్టి ఆడితే పోలీసు గొడవ, హోమ్ వాళ్ళకి తలనొప్పి, ఓడినాయన రెండ్రోజులు మాట్లాడడు. పందెం లేకపోతే మజా లేదంటే చింతపిక్కలు పెట్టుకోమనండి.